అరిసెల డబ్బా అడుగు

సంక్రాంతి వస్తోందంటే చాలు, పేపర్లోనూ టీవీలోనూ ఒకటే సలహా. "పండగ పూట ఆచితూచి తినండి, స్వీట్లు ఒకటీ రెండుతో సరిపెట్టండి" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది వడ్డిస్తే తినేవాళ్ళకి చెప్పిన మాట. వండి, వడ్డించి, అందరి కంచాలూ తీసి, మిగిలినవి డబ్బాల్లోకి సర్దే మనిషి సంగతి అందులో ఉండదు. ఆ మనిషి మనమే కదా!

నిజానికి పండగ మూడు రోజులూ మనం తినేది తక్కువే. నైవేద్యం పెట్టేదాకా రుచి చూడకూడదు. అందరికీ పెట్టి మనం కూర్చునేసరికి మూడవుతుంది, నూనె వాసనకి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. రెండు ముద్దలు పులిహోర, కాస్త పెరుగన్నం, అంతే. మన తిండి మొదలయ్యేది చుట్టాలు వెళ్ళిపోయాక. విరిగిన అరిసె ఎవరికీ పెట్టలేం, మనమే నోట్లో వేసుకుంటాం. పిల్లలు సగం కొరికి వదిలేసిన కజ్జికాయ పారేయడానికి చేతులు రావు. సాయంత్రం టీ పెట్టుకోగానే కాళ్ళు వాటంతట అవే డబ్బా దగ్గరికి వెళతాయి. ఫిబ్రవరిలో ఎవరి పెళ్ళికో పట్టుచీర తీస్తే జాకెట్టు హుక్కులు అందవు.

జాకెట్టుదేముంది, కుట్లు విప్పించుకోవచ్చు. కానీ మా అమ్మకి, పెద్దమ్మకి, ఇద్దరు మేనమామలకి షుగరుంది. కిందటి దసరా ముందు చేయించుకున్న పరీక్షలో నాకు హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరుకి ముందు మెట్టు, 6.5కి చేరితే షుగరే. డాక్టరుగారు మందులేవీ రాయలేదు. నడుము కొలిపించి, "మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలమ్మా, ముందు అది చూసుకోండి" అన్నారు. నాది 88. సంక్రాంతి చూస్తే మూడు నెలల్లో ఉంది.

మా ఇంట్లో సంక్రాంతి అంటే అత్తయ్యగారిదే. ఆవిడ గోదావరి జిల్లాలో, పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో పిండివంటలు నేర్చుకున్నారు. ఇప్పుడు హైదరాబాదులో మేమున్నది ఐదుగురం. అరిసెలకి నానబోసే బియ్యం మాత్రం అప్పటిలాగే మూడు కిలోలు! డిసెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం ఆవిడ సరుకుల చీటీ రాయిస్తుంటే, అదే కాగితం వెనక లెక్క వేసి చూపించాను.

కిలో బియ్యంలో సుమారు 3,500 కాలరీలు. దానికి పట్టే ముప్పావు కిలో బెల్లంలో 2,850 దాకా. మా ఇంట్లో కిలోకి 45 అరిసెలు వస్తాయి, అంటే ఒక్కోటి 140. ఎంత గట్టిగా చెక్కలతో నొక్కినా నూనె కొంత ఉండిపోతుంది కాబట్టి 180 వేసుకోవచ్చు. టీతో రోజుకి రెండు చొప్పున మూడు వారాలు తింటే 42 అరిసెలు, 7,500 కాలరీల పైమాట. ఒంట్లో కిలో కొవ్వు చేరడానికి సుమారు 7,700 చాలంటారు. అంటే రోజూ తినే అన్నం, టిఫిను కాకుండా, కిలో బియ్యం అరిసెలు ఒక్క మనిషే తింటే ఆ కిలో ఒంటికి పట్టినట్టే.

"బెల్లమే కదమ్మా, పంచదార కాదుగా" అన్నారు అత్తయ్యగారు. రక్తంలో షుగరు పెంచడంలో రెండింటికీ పెద్ద తేడా లేదని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాలుగు అరిసెలు వండుకుని తలుపులేసుకుని తింటే దాన్ని పండగంటారా? వచ్చినవాళ్ళ చేతిలో ఏం పెడతాం?" అన్నారు.

ఆవిడ బాధ తినడం గురించి కాదు, పెట్టడం గురించి. వాళ్ళ ఊళ్ళో వండినదాంట్లో సగం కనుమ సాయంత్రానికే గడప దాటేదట. పాలేర్లకి, ఇరుగుపొరుగుకి, ఆడపడుచుల ఇళ్ళకి వెళ్ళేది. ఇక్కడ ఆ వెళ్ళడం ఆగిపోయింది, వండటం మాత్రం ఆగలేదు. మిగిలిందంతా డబ్బాలో, ఆ డబ్బా నా వంటింట్లో.

"పెట్టడం మానొద్దు అత్తయ్యగారూ, దాచడం మానేద్దాం" అన్నాను. బేరమాడి మూడు కిలోలు కిలోన్నరకి వచ్చాయి. 66 అరిసెలయ్యాయి. భోగి నాడు నైవేద్యం అవగానే ఆరేసి చొప్పున ఏడు కవర్లు కట్టాం. వాచ్‌మన్ కుటుంబానికి, పనిమనిషికి, పక్క రెండు ఫ్లాట్లకి, మా ఆడపడుచుకి, మావారి ఆఫీసులో ఊరికి వెళ్ళని ఇద్దరు కుర్రాళ్ళకి. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పితోనే కిందికి దిగి, వాచ్‌మన్ భార్యకి తన చేత్తో ఇచ్చి, అరగంట కబుర్లు చెప్పి వచ్చారు. ఇంట్లో మిగిలినవి 24. కనుమ దాటిన మూడో రోజుకి డబ్బా కడిగేశాను.

మిగతావి చిన్న చిన్న మార్పులే. టీతో తినడం మానేసి, తినాలనిపిస్తే మధ్యాహ్నం భోజనంలో ఒకటి వేసుకుని, కూర అన్నం ఆ మేరకు తగ్గించాను. కారప్పూస, జంతికలు "స్వీటు కాదుగా" అని వదల్లేదు, అవీ నూనెలో వేగినవే. పండగకి ముందు రోజు ఉపవాసం చేయలేదు, అలా చేస్తే మర్నాడు రెండింతలు తింటాం. పండగ రోజు మాత్రం గారెలు, బొబ్బట్లు కడుపునిండా తిన్నాను. భోజనాలయ్యాక పిల్లలతో ముగ్గులు చూసే వంకతో నాలుగు వీధులు తిరిగొచ్చాం. తిన్న వెంటనే ఇలా నడిస్తే షుగరు అంతగా పెరగదు.

ఫిబ్రవరిలో తూగితే అరకిలో పెరిగాను. ఇంతేనా అనుకుంటాం గానీ, అమెరికాలో 195 మందిని తూచి చూసిన ఒక అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్ళ క్రిస్మస్ పండగల కాలంలో సగటున పెరిగింది 370 గ్రాములే. అయితే తర్వాత నెలల్లో అది దిగలేదట. పదేళ్ళ పండగలు కూడితే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. అందుకే ఆ అరకిలో కూడా శివరాత్రి లోపు దించాలని రోజూ ముప్పావు గంట నడిచాను. మార్చిలో పరీక్ష చేయిస్తే 5.9 వచ్చింది. ఇంకా దారి ఉంది.

ఈసారి అత్తయ్యగారు ముందే అడుగుతున్నారు, కవర్లు ఏడు సరిపోతాయా అని. కింద ఫ్లాట్లో కొత్తగా ఎవరో దిగారట. బియ్యం మాత్రం కిలోన్నరే అన్నాను. "అలాగేలే, మనకి మిగిలేవి తగ్గించుకుందాం" అన్నారు.