ఏలం పాట రోజు

పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే మదనపల్లెకు నడిచి చేరేంత దూరంలో మా పల్లె. పెద్దూరికి ఎడంగా, చెరువు కట్ట కింద ముప్ఫై నలభై పూరిళ్లు. పెంకుల కప్పు ఒక్క ఏసు గుడికే ఉండేది. వారమంతా అదే మాకు బడి. అక్షరాలు దిద్దించిన ఐవారే ఆదివారం ఉపదేశిగా వాక్యం చెప్పేవారు. పాస్టరు అయ్యగారి కింద చాలా పల్లెలుండేవి కాబట్టి ప్రభు సంస్కారం ఇవ్వడానికి నెలకొక్కసారే వచ్చేవారు. ఆ రోజు చుట్టుపక్కల పల్లెల్లోని మావాళ్లు సంగటి మూట కట్టుకుని గట్ల వెంబడి నడిచొచ్చేవాళ్లు. పెళ్లి సంబంధాలు, అప్పుల మాటలు, కూలి కబుర్లు ఆరాధనయ్యాక చింతచెట్టు కిందే తేలేవి.

1863లో జేకబ్ చేంబర్లేన్ మదనపల్లెలో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ పని ఇలా పల్లెలకు చేరింది. 1947లో ఆ మిషన్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. మా పల్లెలో గుడి గంట మాత్రం అదే, ఐవారూ ఆయనే.

1950 ప్రాంతంలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం డాక్టర్లు చుట్టుపక్కల పల్లెల్లో క్షయ పరీక్షలు మొదలుపెట్టారు. ఎక్స్‌రే తీస్తే ఒంట్లో సత్తువ పోతుందని మా ఆడవాళ్లు తలుపులేసుకున్నారు. ఐవారు ముందు తన పిల్లలను నిలబెట్టారు. తర్వాత మా అవ్వ, ఆమె వెనక నేను. అప్పుడు వేసిన బీసీజీ టీకా సూది మచ్చ నా భుజం మీద ఇప్పటికీ ఉంది.

అన్నిటికన్నా బాగా గుర్తున్నది కోత పండగ. రాగులు, చెనిక్కాయలు, బెల్లం, కాళ్లు కట్టిన కోడిపుంజు, ఎవరి పంటలోంచి వాళ్లు తెచ్చినవన్నీ గుడి మెట్ల మీద పెట్టి ఏలం వేసేవాళ్లు. పెద్దూరి రెడ్లు, శెట్లు కూడా పాటకు వచ్చేవాళ్లు. ఏడాదిలో వాళ్లు మా వీధిలో అడుగుపెట్టే రోజు అదొక్కటే.

ఒక ఏడు మా అవ్వ తెచ్చిన గుమ్మడికాయ మీద పాట పెరిగింది.

"ఎవురు కాయించింది మే ఇది?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"నేనే సామీ, మా పెరట్లోదే," అంది అవ్వ తలెత్తి.

ఆయన పాట గెలిచి, కాయను నేరుగా అవ్వ చేతుల్లోంచే అందుకున్నాడు. మిగతా రోజుల్లో మాకు పైనుంచి దోసిట్లోకి నీళ్లు పోసే ఇల్లు ఆయనది.

అంటరానితనం చెల్లదని రాజ్యాంగం 1950లోనే తేల్చేసింది. గుడి మెట్ల దగ్గర ఒక్కపూట జరిగింది ఏడాదంతా జరగొచ్చని నేను నమ్మింది మాత్రం ఆ రోజే. ఆ నమ్మకంతోనే ఐవారి దారిలో బడిపంతులునయ్యాను. ఏ ఊరి బడిలో పనిచేసినా, పెద్దూరి పిల్లలనూ పల్లె పిల్లలనూ ఒకే వరసలో కూర్చోబెట్టి, ఒకే కుండలోంచి నీళ్లు తాగించాను.