బాగున్నాను సార్!

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా బావమరిది ఆర్మీలో లారీ డ్రైవరు. కొండ రోడ్ల కుదుపులకు మెడ ఎముకలు అరిగాయి. బెంగళూరు చలికి రాత్రిళ్లు కుడి చెయ్యి తిమ్మిరెక్కి నిద్రుండదు. రిటైరయ్యే ముందు రిలీజ్ మెడికల్ బోర్డులో డాక్టరు ఎలా ఉందని అడిగితే, ఛాతీ విరిచి "బాగున్నాను సార్" అన్నాడు! జవాను గదా, నొప్పి చెప్పుకోవడం నామోషీ. బోర్డు 15 శాతమే వేసి, సర్వీసుకు సంబంధం లేదని రాసేసింది. డిసెబిలిటీ పెన్షన్‌కు కనీసం 20 శాతం ఉండాలి, సర్వీసు వల్ల వచ్చిందనో ముదిరిందనో తేలాలి.

నేను రైల్వేలో ఫైళ్లతోనే బతికినవాణ్ణి, కాగితాలన్నీ ముందేసుకున్నాను. చేరినప్పటి మెడికల్‌లో మెడ జబ్బు మాటే లేదు. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే: చేరేటప్పుడు రాయని జబ్బు తర్వాత వస్తే సర్వీసు వల్లే అనుకోవాలి, కాదంటే కారణం వాళ్లే చూపాలి. (2023 సెప్టెంబరులో రూల్సు మారాయి. మావాడు అంతకుముందే రిటైరు.)

అప్పీలు వేశాం. మళ్లీ పరీక్షకు పిలిస్తే మెడ ఎంతవరకు తిరుగుతుందో, ఏ వేళ్లు మొద్దుబారతాయో, ఎంతసేపు కూర్చోగలడో ఉన్నదున్నట్టు చెప్పమని రోజూ పోరుతున్నాను. నిన్న నేనే డాక్టరులా కూర్చుని అడిగాను.

"పరవాలేదు బావా" అన్నాడు.