అడ్డదారులు

ఆగస్టు 4, 2024
జనరల్ బజార్. చీరల కొట్ల సందులో జనం తోసుకుంటున్నారు. పక్క సందులోకి మళ్లి, అక్కణ్ణుంచి ఇంకోదాంట్లోకి తిరిగి మోండా మార్కెట్ దాకా వచ్చేశాను. ఇరుకే, కాదనను. ఒకటి మూసుకుపోతే మరొకటి ఉంటుంది, అంతే దాని గొప్ప.

ఆగస్టు 7
రాత్రి మల్కాజిగిరికి ఆటో. "ఏఓసీ గేటు బందుంటే తిరిగి పోవాలె సార్, పైసలు ఎక్కువైతయ్" అన్నాడు, నేను ఎక్కకముందే. ఆ గేటు సైన్యానిది.

ఆగస్టు 8
1806లో బ్రిటిష్ దండు దిగినప్పుడు సికింద్రాబాద్ హైదరాబాద్ ఊరికి అవతల. నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. తర్వాత ఊరు దండును దాటి అల్వాల్, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి దాకా పాకింది. అంచున ఉన్నది నడుమకొచ్చింది. ఇక రోడ్ల మీద గొడవే. 2018 మేలో కంటోన్మెంట్ రోడ్లు తెరవమని రక్షణ శాఖ దేశమంతటికీ చెప్పింది. 2021లో కోవిడ్ పేరుతో గాఫ్ రోడ్డు, వెల్లింగ్టన్ రోడ్డు మూశారని అప్పటి రాష్ట్ర మంత్రి కేటీఆర్ రక్షణ మంత్రికి లేఖ రాశారు. వీధి మూయాలంటే ముందు ప్రజలకు నోటీసిచ్చి అభ్యంతరాలు వినాలని 2006 కంటోన్మెంట్ చట్టంలోనే ఉంది. సైన్యానికి కాపలా వద్దని ఎవరంటారు! కానీ ఆ వీధుల్లో పోయేవాళ్లు ప్యారడైజ్, తిరుమలగిరి కూడళ్ల మీద పడతారు.

ఆగస్టు 13
సైన్యాన్నే అంటే అన్యాయం. ఇవాళ చూసిన కాలనీకి తుపాకీ లేదు, గేటుంది. కాలనీ వెనక గోడ, గోడకవతల ఇంకో లేఅవుట్. కనిపించే కిరాణా కొట్టుకు మెయిన్ రోడ్డెక్కి చుట్టి రావాలి. "పోరగాళ్లు గోడ దుంకి పోతరు, మేం స్కూటీ తీస్తం" అందొక పెద్దమ్మ. ఎవరి ప్లాట్లు వాళ్లు వేసుకుని మెయిన్ రోడ్డుకి ఒక్క మూతి పెట్టారు. పక్కవాడి వీధితో కలపాలన్న ఊసే లేదు. పొట్టి బ్లాకులు, ఎక్కువ మలుపులు కావాలని నగరాల మీద రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ న్యూయార్క్‌ను చూసి 1961లోనే రాసింది.

ఆగస్టు 18
నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు, డెయిరీఫామ్ రోడ్డు వైపు ఎలివేటెడ్ కారిడార్లకు మార్చిలో శంకుస్థాపనలు అయ్యాయి. రక్షణ భూములకు అనుమతి రావడానికే ఏళ్లు పట్టింది. కావలసినవే. అయితే ఆ రెండు కారిడార్లూ ప్యారడైజ్ నుంచి బయటికి పోయేవే. అల్వాల్ నుంచి నేరేడ్‌మెట్‌కు అడ్డంగా పోయేవాడికి వాటితో పని లేదు.