ప్రో టూల్స్ మార్చాలా, వద్దా?

నా పాత కంప్యూటర్లో ఇంకా ప్రో టూల్స్ 10 ఉంది. 2012లో అమ్మమ్మ మా డాలస్ ఇంటికి వచ్చినప్పుడు పాడిన జోలపాటలు అందులోనే ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేరు. కంప్యూటర్ కూడా ముసలిదైపోయింది. మరి కొత్త వెర్షన్‌కి మారాలా?

చిక్కు ఇదీ. 2013లో వచ్చిన ప్రో టూల్స్ 11తో సాఫ్ట్‌వేర్ 64 బిట్‌కి మారింది. పాత ఆర్‌టీఏఎస్ ప్లగిన్లు అప్పటినుంచి పనిచేయవు. అమ్మమ్మ గొంతుకేం భయం లేదు, అది విడిగా వేవ్ ఫైళ్ళలో ఉంది. కానీ వెనక వినిపించే ఫ్యాను చప్పుడు తగ్గించడానికి నేను పెట్టుకున్న సెట్టింగులు పోతాయి.

అందుకే మారతాను కానీ, ఇప్పుడే కాదు. ముందు ప్రతి పాటనీ పాత ప్లగిన్లతోనే శుభ్రంచేసి, కొత్త వేవ్ ఫైలుగా బౌన్స్ చేస్తున్నాను. అసలు ఫైళ్ళు కూడా దాచుకుంటున్నాను. వెర్షన్ 10లో గంట పాటలు బౌన్స్ చేయాలంటే సరిగ్గా గంట పడుతుంది. వెర్షన్ 11 నుంచి ఈ పని త్వరగా అయిపోతుందట. నాకు మాత్రం తొందరలేదు. ఆ గంటా వింటూ, తెలియని మాటలు రాసుకుంటున్నాను.

నిన్న దొరికిన మాట: పొత్తిళ్ళు. అమ్మకి ఫోన్ చేసి అడిగాను. పసిబిడ్డని చుట్టే మెత్తటి గుడ్డలట.