పేర్ల మధ్య దూరిన దొంగ

నేను డర్బన్‌లో బడి టీచరును. నా తెలుగు గుడిలో నేర్చుకున్న తెలుగు. కంప్యూటరు పని నాకు అంతగా రాదు. అయినా ఈ మధ్య ఆ పని నా మీద పడింది. రేపు మీ మీద కూడా పడవచ్చు. అందుకే చెబుతున్నాను.

మీకు తెలుసు కదా, 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి 342 మందితో ఇక్కడికి చేరింది. 1911 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబర్లు, పేర్లు, ఊళ్ళు, పాత ఫోటోలు, పెద్దవాళ్ళ గొంతులు మేము ఒక చిన్న వెబ్‌సైటులో పెట్టాము.

ఒకరోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "టీచరమ్మా, మా తాత పేరు నొక్కితే జూదం పేజీ వస్తోందమ్మా!" అన్నారు. నాకు చాలా సిగ్గు వేసింది. నా కంప్యూటరులో అంతా బాగానే ఉంది. తరువాత తెలిసింది: కొన్ని మాల్‌వేర్లు ఫోనులో చూసేవాళ్ళనే దారి మళ్ళిస్తాయి. సైటు నడిపేవాళ్ళకు కనబడవు.

ముందు సైటు మూసేశాను. ఉన్నది ఉన్నట్టుగా ఒక కాపీ తీసుకున్నాను. పాస్‌వర్డులు అన్నీ మార్చాను. వర్డ్‌ప్రెస్ సొంత ఫైళ్ళు తీసేసి, కొత్తవి పెట్టాను. అవి మళ్ళీ దొరుకుతాయి. మన తాతల ఫోటోలు దొరకవు. అందుకే ఆ ఫోల్డరులో ఒక్కొక్క ఫైలూ చూశాను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఫోటోల మధ్య పీహెచ్‌పీ ఫైలు కనబడితే అది రాయి. అలాంటివి పదకొండు దొరికాయి. అడ్మిన్ల జాబితాలో మాకు తెలియని పేరు ఒకటి ఉంది. దాన్నీ తీసేశాను.

రెండు రోజులకు జూదం పేజీ మళ్ళీ వచ్చింది! దొంగను పంపాను కానీ తలుపు వేయలేదు. ఆ తలుపు ఒక పాత ప్లగిన్. అప్‌డేట్ చేయమని అది చాలాసార్లు అడిగింది. "రేపు చేద్దాం" అని వదిలేసింది నేనే. హోంవర్కు గురించి పిల్లలు ఆ మాట అంటే నేను ఊరుకోను.

ప్లగిన్ తీసేసి, పని అంతా మళ్ళీ మొదటి నుండి చేశాను. ఆ తొందరలో మా అవ్వ గొంతు ఉన్న ఫైలు కూడా చెరిపేశాను. చెరుకు తోటలో తన చిన్నతనం గురించి అవ్వ చెప్పిన నాలుగు నిమిషాలు. నా చేతులు వణికాయి. మొదట తీసుకున్న కాపీలో వెతికాను. ఉంది! ఆ రాత్రి అవ్వ మాటలు రెండుసార్లు విన్నాను.

ఇప్పుడు సైటు శుభ్రంగా ఉంది. పెద్దాయన తాత పేరు నొక్కితే తాతే కనబడతాడు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో గానీ, గొంతు గానీ ఉందా? ఇవాళే రెండు చోట్ల దాచండి. రేపు అనకండి.