బుధవారం పూట మంచుకి పోయాం



నేను స్టేటస్‌లో పెట్టిన మంచు ఫోటో చూసి చాలామంది అడిగారు. "కశ్మీరా? ఎంత అయింది? ఎవరితో పోయావు?" అని. ఒక తమ్ముడైతే "అక్కా, ఏ స్కీము కింద పంపారు?" అన్నాడు. ఏ స్కీమూ కాదు తమ్ముడూ, స్కీయింగు. మా డబ్బుతో మేమే పోయాం. అది కశ్మీర్ కాదు, హిమాచల్‌లో మనాలి దగ్గరున్న సోలాంగ్. ఎలా ప్లాన్ చేశామో రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని కూర్చున్నా. రాస్తుంటే వేరే సంగతి కూడా బయటికొచ్చింది. రెండూ రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది చింతపల్లి మండలం, లంబసింగి పక్క ఊరు. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కింది నేనే మొదలు. ఆశ్రమ పాఠశాల, గురుకులం, ఇప్పుడు ఢిల్లీలో డిగ్రీ రెండో సంవత్సరం. లంబసింగి గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆంధ్రా కశ్మీర్ అంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారకముందే కార్లు దిగుతాయి. చెరువులవేనం దగ్గర మబ్బులు చూసి, వణుక్కుంటూ కిందికొచ్చి టీ తాగుతారు. ఆ టీ కాసే బడ్డీల్లో ఒకటి మా అమ్మది. మేము "మంచు పడుతోంది" అంటే అది పొగమంచు. ఢిల్లీ వచ్చాక క్లాస్‌మేట్లు "మంచు" అని చూపించిన ఫోటోల్లో అది తెల్లగా, మోకాళ్ళ లోతు ఉంది. మన భాషలో రెండిటికీ ఒకటే మాట. నాకు తెలిసింది మాత్రం ఒకటే మంచు.

జనవరిలో హాస్టల్ మెస్‌లో ఇదే మాట వచ్చింది. మేము ముగ్గురం ఉంటాం. నేను, నా రూమ్మేట్ (జార్ఖండ్ నుంచి వచ్చిన సంతాల్ అమ్మాయి), ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు అక్క. "అది డబ్బున్నోళ్ళ ఆట, మనకెందుకులే" అన్నాను నేను. అక్క ఊరుకోలేదు. "మలావత్ పూర్ణ పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కింది గదనే" అంది. నిజమే, 2014 మే 25న, ఆనంద్ కుమార్‌తో కలిసి. ఇద్దరూ గురుకులం పిల్లలే. "ఆమె రికార్డు కోసం ఎక్కింది అక్కా. మనం ఊరికే జారడానికి పోతామా?" అన్నాను. అక్క పప్పు కలుపుకుంటూ "ఏం, ఊరికే జారొద్దా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మనం ఎక్కడికి పోయినా దానికో కారణం ఉండాలి. పరీక్ష, ఇంటర్వ్యూ, కోచింగ్, ఆసుపత్రి. కారణం లేకుండా పోయిన ప్రయాణం నా ఇరవై ఏళ్ళలో ఒక్కటీ లేదు. ఆ రాత్రి నోట్‌బుక్ తీసి లెక్క రాయడం మొదలుపెట్టా.

చోట్లు మూడు చూశాం. మొదటిది గుల్మార్గ్. మన దేశంలో స్కీయింగుకి పెద్ద పేరు దానిదే, గొండోలా దాదాపు 3,980 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తుంది. కానీ ఢిల్లీ నుంచి రోడ్డున పోయి రావడానికే నాలుగు రోజులు పట్టేలా ఉంది, విమానం మన వల్ల కాదు. రెండోది ఉత్తరాఖండ్‌లో ఔలీ. రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కి ఘాట్ రోడ్డులో ఒక పగలంతా పడుతుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి, అక్కడి నుంచి ఔలీకి పోయే రోప్‌వే కూడా ఆగిపోయింది. రెండు రోజుల సెలవులో అదీ కుదరదు. మూడోది సోలాంగ్. ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండులో సాయంత్రం హిమాచల్ ఆర్టీసీ బస్సు ఎక్కితే సుమారు 530 కిలోమీటర్లు, పొద్దుటికి మనాలి. అక్కడి నుంచి సోలాంగ్ పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. రెండు రాత్రులు బస్సులోనే గడుస్తాయి కాబట్టి గది ఒక్క రాత్రికి చాలు. సోలాంగే ఖాయం చేశాం.

ఎప్పుడు పోవాలనే దానికి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. వారం మధ్యలో. మా ఊళ్ళో పుట్టినోళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. లంబసింగిలో శనివారం రాత్రి టెంటుకి ఒక రేటు, బుధవారం దానికి సగం. శని, ఆదివారాల్లో అమ్మ మూడు వందల టీలు అమ్మిన రోజులున్నాయి. బుధవారం ముప్పై అమ్మితే గొప్ప. కాబట్టి మంగళవారం రాత్రి బయల్దేరి, బుధ, గురువారాలు అక్కడుండి, శుక్రవారం పొద్దుటికి హాస్టల్. పోయేది రెండు రోజుల అటెండెన్సే. జనవరి 26 చుట్టుపక్కల వద్దనుకున్నాం, జనం ఎక్కువ. అదీకాక మంచు మన క్యాలెండరు చూసి పడదు. 2024లో జనవరి చాలావరకు గుల్మార్గ్‌లోనే మంచు లేదు, నెలాఖరుకి గానీ పడలేదు. అందుకే ఫిబ్రవరి రెండో వారం పెట్టుకుని, రెండు రోజుల ముందు వాతావరణం చూశాకే టికెట్ తీసుకున్నాం.

డబ్బు సంగతి. ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తే నెలకి 2,500 వస్తాయి. రెండు నెలలది దాచాను. మనిషికి 5,000 హద్దు. 5,000 అంటే మా అమ్మ బడ్డీలో 250 టీలు. ఈ లెక్క వద్దన్నా మనసులో తిరుగుతూనే ఉంది. ఇంటి రేకులు మార్చాలి. చెల్లికి చెవి నొప్పని డాక్టరుకి చూపించాలి. అమ్మకి ఫోన్ చేసి "కాలేజీ టూరు, డబ్బు వాళ్ళే పెట్టుకుంటారు" అని అబద్ధం చెప్పాను. ఇది ఇక్కడే ఒప్పుకుంటున్నా.

బుధవారం పొద్దున మనాలిలో దిగాం. మామూలు బస్సు, నడుములు పోయాయి. బస్టాండు దగ్గర సందులో ముగ్గురికీ కలిపి 900 కి గది దొరికింది. "శనివారం అయితే ఇదే గది రెండు వేలు" అన్నాడు ఆయన. రోడ్డు పక్క కొట్లో కోట్లు అద్దెకి తీసుకున్నాం. లోకల్ బస్సు పల్చాన్ దాకా పోయింది. పైన రోడ్డు మీద మంచు ఉందని అక్కడి నుంచి షేర్ జీపు.

సోలాంగ్‌లో దిగగానే ముగ్గురం మాట్లాడలేదు. రూమ్మేట్ వంగి పిడికెడు మంచు తీసి నోట్లో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నా. రుచేమీ లేదు.

స్కీయింగ్ నేర్పేవాళ్ళు అక్కడక్కడా నిలబడి ఉన్నారు. ఆ రోజు వచ్చినవాళ్ళ కంటే వాళ్ళే ఎక్కువ. నలభై దాటిన ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. స్కీలు, బూట్లు, నేర్పడం అన్నీ కలిపి మూడు గంటలకి మనిషికి 1,500 అన్నాడు. నేను 700 అన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది, వచ్చీరాని హిందీలో: "ఖాళీ హీ తో బైఠే హో భయ్యా." ఖాళీగానే కూర్చున్నారుగా అన్నా అని.

ఆయన మొహంలో నవ్వు పోయింది. కోపం కూడా రాలేదు. "సరే, రండి" అని స్కీలు భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆ మాట నేను ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు. నాకు పదేళ్ళప్పుడు, ఒక బుధవారం, కారులో వచ్చినవాళ్ళు చలిమంట వేయమన్నారు. నేనూ చెల్లీ ముందురోజు ఏరి తెచ్చిన కట్టెలు ఉన్నాయి. అమ్మ రేటు చెప్పింది. "ఎవరూ లేరుగా, ఖాళీగానే ఉన్నారుగా, సగానికి వెయ్యండి" అన్నారు. అమ్మ వేసింది. కట్టెలు మాత్రం సగం కాలలేదు, అన్నీ కాలాయి. మనిషికి 800 తగ్గించాను, ముగ్గురికి 2,400. అంటే 120 టీలు. స్కీ బూటు బిగిస్తుంటే ఈ లెక్కే తిరిగింది.

ఆయన మాత్రం నేర్పడంలో ఏమీ తగ్గించలేదు. ముందు పడటం నేర్పాడు. వెనక్కి కాదు, పక్కకి పడాలి. తర్వాత లేవడం. తర్వాత స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి, మెట్లు ఎక్కినట్టు పక్కడుగులతో పైకెక్కడం. తర్వాత ఆగడం. ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా. "పిజ్జా, పిజ్జా" అని అరుస్తాడు. అక్క జీవితంలో పిజ్జా రెండుసార్లే తిన్నదంట, కానీ అందరికంటే ముందు ఆగడం ఆమెకే వచ్చింది. నేను పద్దెనిమిది సార్లు పడ్డాను, రూమ్మేట్ లెక్కపెట్టింది. పందొమ్మిదోసారి పడలేదు. యాభై అడుగులు ఉంటుందేమో ఆ వాలు. గాలి చెవుల్లో కొట్టింది, కాళ్ళ కింద చప్పుడు లేదు. కిందికొచ్చి ఆగాక నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

మధ్యలో టీ తాగుతుంటే మాటలు కలిశాయి. ఆయనది లాహౌల్, అటల్ టన్నెల్ అవతల. ఎండాకాలం బంగాళాదుంపలు, బఠానీ వేస్తారు, చలికాలం ఇక్కడికి వస్తాడు. మేము ఎవరమని అడిగాడు. చెప్పాం. "మేమూ ఎస్టీలమే" అన్నాడు. లాహౌలా, స్వాంగ్లా, బోధ్, గద్ది, ఇవన్నీ హిమాచల్ ఎస్టీ జాబితాలో ఉన్నాయి. స్కీలు ఆయనవి కాదు, కొట్టు యజమానివి. రోజు చివర అద్దె ఆయనకి కట్టాలి, మిగిలిందే కూలి. దగ్గర్లో ఉన్న బురువా గురించి కూడా చెప్పాడు. ఆ ఊరి అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కంచు పతకం తెచ్చింది. స్కీయింగులో మన దేశానికి అదే తొలి అంతర్జాతీయ పతకం అంటారు. "మా పిల్లలు కూడా ముందు చెక్కముక్కల మీదే జారతారు" అన్నాడు.

ఆ సాయంత్రం గదిలో ముగ్గురం డబ్బు లెక్క చూసుకున్నాం. 2,400 తిరిగి ఇచ్చేంత లేదు. ఇస్తే బస్సుకి ఉండదు. క్షమాపణ చెప్తే అదో నాటకంలా ఉంటుంది. అక్క అంది, "రేపు కూడా ఆయన తానకే పోదాం. ఎంతంటే అంత ఇద్దాం." గురువారం అలాగే పోయాం. ఆయన వెయ్యి అడిగాడు, రెండో రోజు కాబట్టి. మేము ఇంకో మాట అనలేదు. మధ్యాహ్నం తిండి మానేసి అరటిపళ్ళు తిన్నాం.

లెక్క ఇదీ, మనిషికి: బస్సు రానూపోనూ 2,000, గది 300, తిండి 600, కోటు రెండు రోజులకి 200, స్కీయింగు 700, 1,000, లోకల్ బస్సు, జీపు 150, ఢిల్లీలో మెట్రో వగైరా 100. మొత్తం 5,050. హద్దు యాభై దాటింది. ఇవి మేము పోయిన వారం రేట్లు, మీరు పోయేముందు కనుక్కోండి. జీన్స్ వేసుకుని పోకండి, తడిస్తే ఆరవు, నేను అదే తప్పు చేశా. ఉన్ని సాక్సులు రెండు జతలు, చేతి గ్లౌజులు, నల్ల కళ్ళద్దాలు ఉండాలి. బేరం అయ్యేముందే స్కీలు, బూట్లు, నేర్పడం అన్నీ ఆ రేటులోనే ఉన్నాయా, ఎన్ని గంటలు అని స్పష్టంగా అడగండి. రోడ్డు మూసేస్తే ఒక రోజు ఆలస్యం అవ్వొచ్చు, దానికి చేతిలో కొంచెం డబ్బుంచుకోండి.

శుక్రవారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఏటే, గొంతు బొంగురుపోయింది?" అంది. అబద్ధం నిలబడలేదు. అంతా చెప్పేశాను. డబ్బు నాదేనని, రేకులు గుర్తున్నాయని, ఆ లాహౌల్ ఆయన్ని ఏమన్నానో అది కూడా.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "బేరమాడితే తప్పు కాదే. నీకాడ లేవు, అడిగినావు. కాళీగా ఉన్నావు గదా అని అనకూడదు. ఖాళీ రోజు గురించి మనకి తెలీదేటి?" మళ్ళీ తనే అంది: "నాకు బుధవారం వచ్చినోళ్ళే ఇష్టం. ఆదివారం వచ్చినోడు గ్లాసు చూస్తాడు, నా మొకం చూడడు. బుధవారం వచ్చినోడు కూకుని ఊరి పేరు అడుగుతాడు."

డబ్బు గురించి తిడుతుందని ఎదురుచూస్తున్నా. తిట్టలేదు. "జారితే ఎలాగుంటాది?" అని అడిగింది. చెప్పాను. "ఓస్, అదా. మా చిన్నప్పుడు వానాకాలం ఎర్రమట్టి గట్టు మీంచి జీలుగు మట్ట మీద జారేవోళ్ళం. మీ మామ్మ కర్ర పట్టుకుని వచ్చేది" అని నవ్వింది. ఎందుకు జారేవాళ్ళని నేను అడగలేదు.

చెల్లిని చెవి డాక్టరుకి చూపించడానికి వచ్చే నెల ట్యూషన్ డబ్బు పంపిస్తానన్నాను. "పంపు" అంది, "అబద్ధాలు మాత్రం పంపకు."

ఎవరైనా వచ్చే ఫిబ్రవరిలో సోలాంగ్ పోతే చెప్పండి, ఆయన ఏ వాలు దగ్గర ఉంటాడో చెప్తాను. మా లంబసింగికి కూడా రండి, బుధవారం రండి. అమ్మ బడ్డీ దగ్గర టీ ఇరవై రూపాయలు. కూర్చోండి, ఊరి పేరు అడగండి. బేరం మాత్రం లేదు.

జోహార్.