అరుగుల మీది చూపు

కడపలో ఏడురోడ్ల కూడలి దాటి లోపలి సందుల్లోకి మళ్ళితే, వీధంటే ఉత్త దారి కాదు. ఆడవాళ్ళు కల్లాపి చల్లేదీ, బిందెలు వరసబెట్టేదీ, మిరపకాయలు ఆరబోసేదీ అక్కడే. వాటి మధ్యనుంచే మోటారు సైకిళ్ళు దూసుకుపోతుంటాయి.

2018లో కేంద్రం పట్టణ రోడ్లపై కార్లకు 70, మోటారు సైకిళ్ళకు 60 కిలోమీటర్ల గరిష్ఠ వేగం ఖరారు చేసింది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగేచోట 30 దాటకూడదంది 2020 నాటి స్టాక్‌హోం ప్రకటన. బిందెతో వీధి దాటే మనిషి ఈ అంకెల్లో ఎక్కడుందో!

మా అత్తమ్మావాళ్ళు చందాలేసుకుని సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ పోయించారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో వాలుగా ఉండాలి. వీళ్ళది బెత్తెడు వెడల్పు, జానెడెత్తు. బండ్ల జోరు తగ్గింది గానీ, ఆ కుదుపు ఆటోలో కాన్పుకు పోయే ఆడమనిషి నడుముకూ తగిలింది.

అందుకే, వచ్చే బండి వేగాన్ని రాడార్‌తో కొలిచి అంకెల్లో చూపే బోర్డులంటే నాకు మక్కువ. జరిమానా లేదు, కుదుపు లేదు. నువ్వింత వేగంగా వస్తున్నావని చెబుతుందంతే. బోర్డు దాటాక మళ్ళీ జోరు పెంచేవాళ్ళుంటారు, నిజమే. ఇన్నాళ్ళూ ఆ పని అరుగుల మీది ఆడవాళ్ళు చేస్తూనే ఉన్నారు, జీతం లేకుండా. "యాడికి నాయనా అంత దూకుడు?" అంటే చాలు, తెలిసిన పిల్లోడైతే తగ్గిస్తాడు.

అర్జీ పట్టుకుని కార్యాలయానికి పోతే, "ఎవరైనా చనిపోయినారామ్మా?" అనడిగారు.

"ఇంకా లేదు సార్. ఎంతమంది కావాల?" అంది అత్తమ్మ.

అర్జీ మీద ముద్ర వేసిచ్చారు.